బావ మెచ్చిన గొంతు

అక్కా,

నువ్వు పోయి ఈ వారానికి ఏడాది. మీ ఆయన చుట్టపుచూపుగా టెక్సాస్‌లో మా ఇంటికి వచ్చారు. నిన్న మా ఆయన మమ్మల్నిద్దరినీ ఒక కచేరీకి తీసుకెళ్లారు.

కెనడా నుంచి వచ్చిన ఒక తెల్లావిడ గిటార్ వాయిస్తూ బ్లూస్ పాడింది. నీలాగే జీర గొంతు. పత్తి చేలల్లో కూలీలు పాడుకున్న పాటల్లోంచి పుట్టిన సంగీతమని మా ఆయన చెప్పారు. బావ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

“ఏం గొంతమ్మా! దేవుడిచ్చిన వరం!”

నువ్వు ఊడ్పుల పాట ఎత్తుకుంటే, “చర్చి సంఘపెద్ద భార్యవి, కూలోళ్ల పాటలేంటే?” అని నీ నోరు మూయించింది ఈ మనిషే. తెల్లావిడ పాడితే వరం, పెళ్లాం పాడితే పాపం. ఆయన భక్తి విలువ అంతే.

తిరిగొస్తూ కార్‌లో అన్నారు: “ఆదివారం ఇక్కడి తెలుగు చర్చిలో మీ అక్క జ్ఞాపకార్థ కూడిక కదా, ఒక కీర్తన పాడమ్మా. తనకి పాటంటే ప్రాణం.”

ఆయన ముందు ఏనాడూ నోరు విప్పనిదాన్ని. ఒళ్లు మండింది.

“ఊడ్పుల పాట పాడతాను బావా.”

“చర్చిలోనా? నా పరువేం కాను?”

“అయితే మీరు రాకండి.”

మా ఆయన నవ్వు ఆపుకున్నారు.

ఆదివారం పాడతానక్కా. చివరి చరణం నీకు తప్ప ఎవరికీ రాదు. అంతకుముందే ఆపేస్తాను.