సదయ్య కాకా, బర్రెను అమ్మకు

సదయ్య కాకకు గోదావరిఖని నుంచి సంధ్యారాణి దండాలు. నేను బాగున్నాను. ఫోన్‌లో చెబితే సరేనని మరిచిపోతావు, అందుకే కార్డు రాస్తున్నాను.

బర్రెను అమ్మి, బావిలో నీళ్లు తగ్గగానే మోటరును ఆపే సెన్సార్ పెట్టిస్తానన్నావని చిన్నమ్మ చెప్పింది. వద్దు. అలాంటిదే మా గనిలో నీళ్లు తోడే పంపుకు ఉంది. మంచిదే, కానీ బురద పడితే దానికి కళ్లు కనిపించవు. అందుకే షిఫ్టుకొకసారి మాలో ఒకరు దిగి తుడవాలి. మొన్న నా వంతు వస్తే నేను మరిచాను. నీళ్లు చేరే గుంత నిండినా ఖాళీ అనుకుని అది పంపును ఆపేసింది. నేను మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి తుడుస్తుంటే మా పెద్ద ఫిట్టర్ చాంద్ పాషా అన్నాడు: "అందరు మెషిన్ ఖరీదే అడుగుతరు బిడ్డా. రోజూ దాన్ని తుడిచెటోళ్లు ఎవరని ఎవ్వరు అడగరు."

నేను అడుగుతున్నాను. నీ బావిలోకి రోజూ ఎవరు దిగుతారు? మోకాళ్ల నొప్పులతో చిన్నమ్మ దిగుతుందా?

కరెంటు రాగానే మోటరును నడిపి, పెట్టిన టైముకు ఆపే మామూలు స్టార్టర్ చాలు. చెడిపోతే కాసిపేటలోనే బాగుచేస్తారు. పై ఆదివారం నేనే తెచ్చి బిగిస్తాను. మోటరు ఎంతసేపు నడిస్తే బావి అడుగు కనిపిస్తుందో చూసిపెట్టు. చిన్నమ్మ మందులు అయిపోయాయా? ఖాళీ డబ్బా పారేయొద్దని చెప్పు, అదే చూపించి తెస్తాను.

చిన్నమ్మకు దండాలు చెప్పు. ఆదివారం చాయ్ మన బర్రె పాలతోనే తాగుతాను. కొట్టంలో బర్రె లేకపోతే సంచిలోంచి పానా కూడా తీయను.