కార్డుల మీద నేను వేసిన బీపీ అంకెలు రద్దు చేయుట గురించి

తేదీ: 20 మే 2021

జిల్లా వైద్యాధికారి గారి సముఖమునకు, కామారెడ్డి.

ఎల్లారెడ్డి మండలం, రాళ్లగడ్డ గ్రామం, బీడీ కార్మికురాలు గౌరవ్వ కూతురు నిరోష, డిగ్రీ రెండవ సంవత్సరం, వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊరి గర్భిణుల తల్లీబిడ్డల కార్డులలో ఏప్రిల్, మే నెలల అంకెలు అబద్ధమని తెలియజేసి, మిగిలిన ఆరుగురికి వెంటనే బీపీ చూపించమని కోరుట గురించి.

1. ఏప్రిల్ మొదట మా ఊరిలో కరోనా కేసులు పెరిగినందున దారికి ముళ్లకంప వేసినారు. నర్సు లక్ష్మీనర్సమ్మ గారు మూడు ఊర్లకు ఒక్కరే. ఆమె నాకు ఫోన్ చేసి చెప్పిన మాట ఇది: "నిరోషా, కార్డులు ఖాళీగుంటే పైవాళ్లు ఊకోరు. నేను రాలేను బిడ్డా. నువ్వు సదువుకున్నదానివి. ఇండ్లకు పోయి అడుగు. మంచిగున్నమంటే నూటఇరవై కింద ఎనభై రాయి. బరువు పోయిన నెల కన్నా ఒక కిలో ఎక్కువెయ్యి."

2. నేను రాశాను. బీపీ మిషను నా దగ్గర లేదు, ఉన్నా చూడడం రాదు. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. సర్కారు కాగితం మీద నా రాత ఉండడం గొప్పగా తోచింది. రెండు నెలలు ఏడు కార్డులు నింపాను. "చిన్న నర్సమ్మ అచ్చిందే, చేతులు సాపుండ్రి" అని ఆడవాళ్లు నవ్వేవారు. అందరూ మంచిగున్నమనే అన్నారు. అడిగితే మా దగ్గర ఎవరైనా అట్లాగే అంటారు.

3. మే 11న ఆ ఏడుగురిలో ఒకరైన, మా ఊరి భూమేశ్ అన్న భార్య చందనకు ఎనిమిదో నెలలో ఫిట్స్ వచ్చాయి. దవాఖాన చేరేలోపు కడుపులో బిడ్డ పోయింది. ఆమెకు ఇప్పటికీ చూపు సరిగా లేదు. అక్కడి డాక్టరు గారు కార్డు చూసి "నిన్నమొన్నటిదాకా బీపీ మంచిగనే ఉన్నది, ఒక్కసారే పెరిగింది" అన్నారట. ఒక్కసారే కాదు. నెల రోజులుగా ఆమె కాళ్లు ఉబ్బే ఉన్నాయి. నేను చూశాను. చూసి కూడా 120/80 వేశాను.

4. అప్పటినుండి ఇల్లిల్లూ తిరిగి నా అంకెలు నమ్మవద్దని చెబుతున్నాను. కోడలికి తొమ్మిదో నెల ఉన్న పెద్దవ్వ గడప దాటనియ్యలేదు. "ఏందే, రాసింది నువ్వే, గాదనేది నువ్వే. దవాఖానకు పోతే కరోనా అంటుకుంటది. కార్డు మంచిగున్నది, పో" అన్నది. నర్సమ్మ గారికి ఫోన్ చేస్తే ఆమె భర్త ఎత్తి, ఆక్సిజన్ మీద ఉన్నదని చెప్పారు. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు.

5. మిగిలిన ఆరుగురిలో మా వదిన కళ్యాణికి ఎనిమిదో నెల. మొహం ఉబ్బింది, తల పగిలిపోతున్నదంటున్నది. పనికి పోయిన అన్న సతీశ్ లాక్‌డౌన్‌తో భివండిలో చిక్కుకుపోయాడు. నిన్న నేనే ఒక దవాఖానకు తీసుకుపోతే, కిటికీ దగ్గరి ఆయన కార్డు చూసి "అంతా నార్మలే. నొప్పులొస్తే రాండ్రి" అన్నారు. "అవి నేనే ఏసిన సార్, దొంగ అంకెలు" అన్నాను. ఆయన నవ్వి, "లోపలికి పోనిమ్మని అందరు గిట్లనే ఏదో ఒకటి చెప్తరు" అన్నారు.

కావున ముందు మా ఊరికి బీపీ చూసే మనిషిని పంపి, ఆరుగురినీ చూపించి, ఆ తరువాత నా మీద ఏ చర్య తీసుకున్నా సమ్మతమే. "నిన్ను పట్కపోతరే" అని మా అవ్వ గౌరవ్వ ఏడుస్తున్నది. అది తమరు లెక్కలోకి తీసుకోనవసరం లేదు. ఆలస్యం చేయక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
నిరోష

మరొక మనవి: పైదంతా ఇంట్లో రాశాను. వదినను వదిలి రావడానికి భయమై ఆటోలో వెంట తెచ్చాను. తాడ్వాయి దాటాక "నిరోషా, నువ్వు ఇద్దరు కనవడ్తున్నవేందే" అన్నది. తరువాత మాట లేదు. ఆమె చేతులు కొట్టుకుంటున్నాయి. ఇక్కడ కామారెడ్డిలో రెండు దవాఖానలు కరోనా రిపోర్టు లేదని గేటు తీయలేదు. అందుకే ఇటు తమ ఆఫీసుకే వచ్చాం. కాగితం లోపలికి పంపి మేం గేటుకు ఎడమ పక్క ఆటోలో ఉన్నాం. ముందు బయటికి రండి సార్ అని కవరు మీద కూడా రాశాను. బీపీ మిషను తెప్పించండి. ఈసారి ఎంత వస్తే అంతే రాస్తాను.