ఎనిమిదో నంబరు బస్సు ఆగినంతసేపు

యావన్మంది జనులకు, ముఖ్యంగా మా అక్క ఇర్మా జీన్‌కు, ఇందుమూలంగా చాటి చెప్పడమేమనగా: నా ఫ్రిజ్‌లో రెండో అర మీద రేకు కాగితం కప్పి ఉన్న చిలగడదుంపతో చేసిన తీపి ‘పై’ ముక్క నాది. నేను పోయినా నాదే. పరామర్శకు వచ్చినవాళ్లెవరూ దాన్ని ముట్టరాదు. మా చర్చి రెవరెండ్ గారు అసలే ముట్టరాదు. పోయిన ఈస్టర్ రోజున ఏం జరిగిందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, ఖాళీ పళ్లేనికీ తెలుసు.

ఇక అసలు సంగతి. ఒహాయో రాష్ట్రం, డేటన్ పట్టణం, వెస్ట్ థర్డ్ స్ట్రీట్‌లో మంగలి షాపు పై వాటాలో కాపురముంటున్న థర్మన్ గేథర్, స్నేహితులకు స్కీట్, అనే నేను, వయస్సు యాభై మూడు, జీవనం ఒకప్పుడు టెనర్ సాక్సఫోన్, తర్వాత బ్రేకుల ఫ్యాక్టరీ, ఇప్పుడు దగ్గు, నా పూర్తి తెలివితోనూ, ఎవరి ప్రోద్బలమూ లేకుండానూ రాసుకున్న మరణశాసనం ఇది. నా తెలివి సంగతి మా అక్క ఒప్పుకోదు. ఆవిడ కోసం డాక్టరు చేత విడిగా ఒక కాగితం రాయించాను. నా ఊపిరితిత్తులు వచ్చే వసంతాన్ని చూడవన్న సంగతి కూడా ఆ కాగితంలోనే ఉంది.

చట్టం మాటలు లైబ్రరీ పుస్తకంలోంచి ఎత్తాను. కాబట్టి ఇందులో గంభీరంగా వినిపించేవన్నీ దొంగసొత్తు. మిగతావి నావి.

1. పై ఇర్మా జీన్‌ను ఈ వీలునామా అమలుకర్తగా నియమించడమైనది. ఇంట్లోని మంచం, బల్ల, గిన్నెలు వగైరా చరాస్తులు ఆవిడకే సర్వహక్కులతో దఖలు పరిచాను. స్థిరాస్తి అంటూ ఏదీ లేదు. నా జీవితంలో స్థిరంగా ఉన్నది మా అక్క ఒక్కతే. "ఒరే తమ్ముడూ, నిన్ను శవపెట్టెలో పడుకోబెట్టాక కూడా నీ నోరు మూతపడదురా" అని అంటూనే ఉంటుంది. అక్కా, ఇదిగో, పడలేదు.

2. కింది షాపు మంగలి పర్సీ స్టాల్‌వర్త్‌కు ఒక రబ్బరు గిన్నె. పాయిఖానా తూము పొడిచే కర్రకు ఉంటుందే, అది. మా వోల్ఫ్ క్రీక్ బ్యాండులో పర్సీ బాకా ఊదే రోజుల్లో దీన్ని గొట్టం మూతికి అడ్డంపెట్టి మూసి తెరుస్తుంటే, బాకా అచ్చం అలిగిన పెళ్లాంలా గొణిగేది. ఒక ప్రదర్శనకు ముందు నేను దాన్ని దాచాను. వాడు ఇరవై అయిదేళ్లుగా వెతుకుతున్నాడు. సాక్షిగా సంతకం పెట్టేవాడికి ఆస్తి రాయకూడదని పుస్తకంలో ఉంది. అయితే ఇది మొదటినుంచీ వాడి సొత్తే కాబట్టి దీన్ని దానంగా కాక వాపసుగా భావించవలెను. దీన్ని ఈ మధ్యకాలంలో దాని అసలు పనికి వాడలేదని మాత్రం ప్రమాణం చేయలేను.

వాడిప్పుడు దాన్ని ఏం చేసుకుంటాడో నాకు తెలియదు. ముందు పళ్లన్నీ పోయాయి. కట్టుడు పళ్లతో బాకా ఊదితే పళ్లు ముందు బయటికొస్తాయి, పాట తర్వాత వస్తుంది. ట్రాంబోన్ ఊదే ఎమెట్ పోయి ఆరేళ్లు. మేం ముగ్గురం ఒక్కసారి లేచి నిలబడితే ముందు వరసలో ఆడవాళ్ల టోపీలు వెనక్కి వంగేవి. ఇప్పుడు మా వరసలో ఒకడు మట్టిలో, ఒకడు సబ్బు నురగలో, ఒకడు దగ్గులో ఉన్నాడు.

3. మా బ్యాండు పెద్ద రాండల్ మేబ్రీకి ఒక కరెంటు ప్లగ్గు, తీగ కోసేసినది.

ఇది ఎందుకో రాయకపోతే వారసులు కోర్టుకెక్కుతారు. మేబ్రీ ఒక పెట్టె కొన్నాడు. మీటలు నొక్కితే బాకా, ట్రాంబోన్, సాక్సఫోన్, వయొలిన్లు, తలుపు కిర్రుమనడం అన్నీ వినిపిస్తాయి. "చూడరా స్కీట్, ఇది తాగదు, ఆలస్యంగా రాదు, నా మరదలికి కన్ను కొట్టదు" అన్నాడు. మూడూ నిజమే. తర్వాత బాకా వద్దన్నాడు, ఆ తర్వాత ట్రాంబోన్ వద్దన్నాడు. నన్ను మాత్రం పాత స్నేహం కొద్దీ ఒక మూల కూచోబెట్టాడు. ఊదడానికి చోటివ్వలేదు. మా పద్ధతిలో పాట మధ్యకు వచ్చేసరికి బ్యాండు పెద్ద నీవైపు వేలు చూపిస్తాడు. ఆ వేలు పడ్డాక ఆ చోటు నీది, దాన్నే సోలో అంటాం. దేవుడు కూడా పక్కకు తప్పుకోవాలి. నేను ఆ చోటులో స్టేజీ దిగి, బారు కౌంటరెక్కి, గ్లాసుల మధ్య నడుస్తూ ఊదేవాణ్ణి. ఒక్క గ్లాసు ఒలికేది కాదు. మేబ్రీ వేలు ఇప్పుడు మీటల మీద ఉంది. నావైపు తిరగడం మానేసింది.

కార్మిక సంఘం హాల్లో ఒక పెళ్లి విందు. పట్టపగలు. హాలంతా ఆడుతోంది. నేను మెల్లగా గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు పీకాను. పెట్టె చచ్చింది. డ్రమ్ము మిషను చచ్చింది. ఆ నిశ్శబ్దంలో నేను బల్ల ఎక్కి నిలబడి, ఇరవై ఏళ్లుగా దాచుకున్నదంతా ఊదాను. నా లెక్క ఏమిటంటే, జనం ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత నావైపు తిరిగి, "ఊదరా నాయనా, ఊదు!" అని అరుస్తారని. జనం నిజంగానే బిత్తరపోయారు. నావైపు తిరిగారు కూడా. పెళ్లికూతురు చేతిలో గ్లాసుతో అరిచింది: "ఏయ్, పాట ఆపిందెవడ్రా? ఆ ప్లగ్గు పెట్టండి ముందు!" ఆవిడ బాబాయి వచ్చి నా భుజం పట్టుకుని, చాలా మర్యాదగా, "అన్నా, దిగు. పిల్లలు డాన్సు చేసుకుంటున్నారు" అన్నాడు.

నేను చేసిన అల్లర్లలో ఎవరూ నవ్వనిది అదొక్కటే.

దిగాను. ప్లగ్గు నేనే పెట్టాను. పెట్టె ఎక్కడ ఆగిందో అక్కడినుంచే అందుకుంది. దానికి సిగ్గు ఉండదు. ఆ విందు అయ్యాక వెళ్లేముందు తీగ కోసి ప్లగ్గు జేబులో వేసుకున్నాను. మేబ్రీ, ఇదిగో నీది.

4. మా అక్క కొడుకు టెరెన్స్‌కు నా గ్రామఫోను రికార్డులన్నీ. వాడు మంచివాడు. ఒకరోజు వాడి గదికి పిలిచి ఒక మిషను మీట నొక్కాడు. నేను పాతికేళ్ల కిందట ఊదిన చిన్న ముక్క. మళ్లీ నొక్కాడు. అదే ముక్క. తర్వాత అది తనంతట తానే తిరగడం మొదలుపెట్టింది. "మావయ్యా, ఇంక నువ్వు కష్టపడి ఊదక్కర్లేదు. నిన్ను ఇందులో పెట్టేశా!" అన్నాడు. వాడి కళ్లు మెరుస్తున్నాయి. వాడు నాకు కానుకే ఇస్తున్నాననుకున్నాడు. "బాగుందిరా అల్లుడూ" అన్నాను.

ఒరేయ్, ఆ ముక్క చివర నేను ఊపిరి పీల్చాను. తర్వాత ఎక్కడికి వెళ్లాలో నాకే తెలియక, ఆ ఊపిరిలో ఆలోచించుకున్నాను. పాటలో అసలు సంగతి అక్కడుంది. నువ్వు దాన్ని కత్తిరించావు. అడ్డమొచ్చిందన్నావు. కాబట్టి ఆ ఊపిరిని నీకు ప్రత్యేకంగా రాసిస్తున్నాను. పాత రికార్డులో సూది దాని మీదుగా వెళ్తుంది, చెవి పెట్టి విను. నా దగ్గర మిగిలిన మంచి ఊపిరి అదే.

5. మాజీ భార్య వర్నెటాకు చెక్క గరిటె. నేను వంటింట్లో సాధన చేస్తుంటే తను ఆకుకూర కలుపుతూ గిన్నె అంచున తాళం వేసేది. నేను తప్పితే గరిటె ఆగేది. ఆ తర్వాత నేను ఫ్యాక్టరీలో చేరి సాక్సఫోన్ పెట్టె మూసేశాను. నన్ను వదిలి వెళ్లేటప్పుడు ఒకటే మాట అంది: "నువ్వు ఊదినంత కాలం ఇంట్లో ఇంకో మనిషున్నట్టుండేది. ఇప్పుడు నువ్వొక్కడివే ఉన్నావు, నీతో నేను వేగలేను." గరిటె నాదేనని అప్పట్లో గొడవపడ్డాను. నాది కాదు.

6. నా టెనర్ సాక్సఫోన్, దాని పెట్టె, మూతికి బిగించే రీడ్లలో మిగిలినవి, మెడ తాడు సహా, ఎనిమిదో నంబరు బస్సు నడిపే లూవెర్న్ అనే ఆవిడకు సంపూర్ణ హక్కులతో చెందవలెను. ఈ శాసనమంతటికీ ఇదే ముఖ్యం. మిగతావన్నీ పోయినా ఇది జరగాలి.

పోయిన శీతాకాలం నుంచి సాయంత్రాలు కిటికీ తెరిచి, ఉన్న కాస్త ఊపిరితో ఊదుతున్నాను. కింద పర్సీ షాపులో రేడియో పొద్దస్తమానం మోగుతుంది. వాద్యాలన్నీ మిషన్లే, అందులో ఊపిరి తీసుకునేవాడు పాడేవాడొక్కడే ఉండేవాడు. ఇప్పుడు వాడూ పాట మాని మాట్లాడుతున్నాడు. ఆ రేడియో మీదుగా ఊదుతుంటాను. బస్సు వచ్చి సరిగ్గా నా కిటికీ కింద ఆగుతుంది. నా సోలో అయ్యేదాకా కదలదు. ఒకరోజు దగ్గు వచ్చి సగంలో ఆపేశాను. ఆవిడ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏంటి మాస్టారూ, నడిరోడ్డు మీద దింపేశారు? బండి నిండా జనముంది, ఎక్కడికో ఒకచోటికి చేర్చండి!" అని కేకేసింది. వెనకనుంచి ఒక ముసలాయన, "పోనీమ్మా, ఇంటికెళ్లి చేసేదేముంది, విననీ" అన్నాడు. సెలవురోజున ఆవిడ మెట్లెక్కి వచ్చింది. నా సాక్సఫోన్ అందుకుని ఊదితే మొదట బాతు, తర్వాత గాడిద, ఆ తర్వాత ఒక్క స్వరం. ఆ ఒక్కటీ అసలైనది. వేళ్లు పొడుగు. స్టీరింగు పట్టిన చేతులు కదా, వణకవు.

మా అక్క "నేను ఏళ్లుగా ఆ బస్సే ఎక్కుతున్నాను, ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదే" అంటోంది. అక్క ఎక్కేది పొద్దుటి బండి. ఇంటిపేరు నేను అడగలేదు.

7. నా అంత్యక్రియల్లో టేపు పెట్టరాదు. ఈ మధ్య మా చర్చిలో కూడా పాడేవాళ్లు క్యాసెట్టు నొక్కి దాని వెంట పాడుతున్నారు. ఆర్గన్ మీద గుడ్డ కప్పి, ఆ గుడ్డ మీద పూలకుండీ పెట్టారు. కుండీ దించండి. ఎవరికి వస్తే వాళ్లు వాయించండి. పాట మధ్యలో సోలో రావలసిన చోటు వచ్చినప్పుడు ఎవరూ ఏమీ నింపకుండా దాన్ని ఖాళీగా వదలండి. పర్సీ చప్పట్లతో తాళం పట్టాలి. ఆ చోటు అయిపోయాక మళ్లీ అందరూ అందుకోవాలి.

ఆ చోటు వచ్చిందని గుర్తుపట్టేవాళ్లు పర్సీ తప్ప ఎవరైనా ఉంటారా అన్నది నా అనుమానం. ఆర్గన్ చెడిపోయిందనుకుంటారు.

8. సంతకాల ముందు చేర్చినది. సాక్షిగా పర్సీని పైకి పిలిచాను. ఇంకో సాక్షి కావాలంటే కుర్చీలో ఉన్న ఎల్వుడ్ టాలీని కూడా లాక్కొచ్చాడు, ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నురగతో. పర్సీ మొత్తం చదివాడు. రబ్బరు గిన్నె దగ్గర నన్నొక బూతు తిట్టాడు. ఆరో అంశం దగ్గర ఆగి, కళ్లజోడు పైకి జరిపి, "ఒరేయ్ స్కీట్, ఇది పోస్టులో పంపాలంటే మీ అక్క ఎవరికి పంపుతుందిరా? ఈవిడ ఇంటిపేరేంటి?" అన్నాడు. నోటికొచ్చింది చెప్పబోయాను. అప్పుడే బస్సు వచ్చి కిటికీ కింద ఆగింది. పర్సీ తొంగి చూశాడు. టాలీ కూడా నురగతోనే తొంగి చూశాడు. డ్రైవరు సీట్లో లావుపాటి మగమనిషి ఆవులిస్తున్నాడు. బస్సు అద్దాలన్నీ మూసే ఉన్నాయి. ఎదురుగా ఎర్రలైటు వెలుగుతోంది. అది పచ్చగా మారింది, బస్సు వెళ్లిపోయింది.

నా జన్మలో పర్సీ నన్ను ఎగతాళి చేయని సమయం అదొక్కటే.

లూవెర్న్ లేదు. అక్కడ ఎర్రలైటుంది. పుస్తకంలోని నమూనాలో ‘ఎవరికి’ అని ఒక గీత ఉంది, వాద్యం దగ్గరికి వచ్చేసరికి ఆ గీత మీద రాయడానికి ఒక్క మనిషీ తట్టక ఆవిణ్ణి నేనే పుట్టించాను. పొడుగు వేళ్లతో సహా. అయినా ఆరో అంశం కొట్టివేయడం లేదు. సాక్సఫోన్ మంచం కింద ఉంది.

తేదీ: 1996 నవంబరు 14, డేటన్.

చేవ్రాలు: థర్మన్ గేథర్ (స్కీట్)

సాక్షులు:
పర్సీ స్టాల్‌వర్త్, క్షురకుడు
ఎల్వుడ్ టాలీ, సగం గడ్డంతో