నిదానం చెయ్యి

మంగళవారం, మధ్యాహ్నం
కుట్టు హాలు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. మరదలూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఒకే ఫ్యాక్టరీలో, ఇరవై అడుగుల దూరంలో ఉండి ఉత్తరమేమిటని నవ్వకు. హాల్లో చుట్టరికాలు కలపొద్దని నువ్వే కదా హుకుం జారీ చేశావు! సూపర్‌వైజర్‌ గారితో అయితే నాకు నోరు పెగలదు, తమ్ముణ్ణి అయితే నాలుగు దులపగలను. అందుకే క్యారేజీ పక్కకు నెట్టి, మిషను మీదే కాగితం పెట్టుకున్నాను.

నాకు ఒళ్లు మండిపోతోంది. మన మూగనోము పోయి పన్నెండు రోజులు. పద్నాలుగేళ్లు నా పక్క మిషను మీద కూర్చుంది. నేను కాలరు కుడితే, తను దాన్ని చొక్కాకు కలిపి కుట్టేది. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేది కాబట్టి మేమే ఆ పేరు పెట్టాం. సంతాప సభలో ఆమె ఫొటో ముందు నిలబడి నువ్వేమన్నావు? మంచి మనిషే కానీ చెయ్యి నిదానం అన్నావు. పోయిన మనిషిలో కూడా వంక వెతకాలా? అది చాలదన్నట్టు, పని అడగడానికొచ్చిన ఆమె కూతురితో తల్లి చెయ్యే వచ్చుంటుంది, సీటు లేదు పొమ్మన్నావట. ఆ ఇంట్లో సంపాదించేవాళ్లు ఇంకెవరున్నారు? ఆ పిల్ల ఏడవలేదు, బతిమాలలేదు. తల్లిలాగే తలొంచుకుని గేటు దాటి వెళ్లిపోయింది.

ఆమె మిషను ఎంతసేపు ఆగిందో నీ గడియారానికి తెలుసు. ఎందుకు ఆగిందో నీకు తెలియదు. వంకర కాలరు వస్తే ఎర్ర దారం ముడివేసి వెనక్కి పంపాలని కదా నీ రూలు. మూడు ముడులు పడితే ఆ కాలరు కుట్టిన మనిషిని పని మాన్పించి ఇంటికి పంపేస్తావు. ఆమె ఏనాడూ ముడి వెయ్యలేదు. కుట్టు విప్పేది, మొనలు సరిచూసుకునేది, కొత్తగా కుట్టి అప్పుడు చొక్కాకు కలిపేది. ఇంకొకరి పనీ, తన పనీ. దానికి నువ్వు పెట్టిన పేరు నిదానం! నెత్తికెక్కిన కళ్లు కాస్త కిందికి దించరా తమ్ముడూ. ఎందుకీ చాకిరీ అని ఒకసారి అడిగితే, ముడి వేశాక ఆ మనిషి మొహం ఎలా చూడను అంది. అంతే, మళ్లీ పెడలు తొక్కింది.

ఆ పిల్లను పిలిపించు. ఒక్క రోజు మిషను మీద కూర్చోబెట్టి చూడు, తర్వాత మాట్లాడు.

కోపంతోనే అయినా ప్రేమతో,
నీ అక్క

తా.క.: ఆ వంకర కాలర్లు ఎవరివని అడుగుతావు. నావే. రెండేళ్లుగా నా ఎడమ కంటికి మసక. సభలో లేచి చెబుదామనే అనుకున్నాను. అంతలో నువ్వు, హాలు మొత్తంలో మచ్చలేని పని మా కాలర్ల ఆవిడది, చూసి నేర్చుకోండి అన్నావు. అందరూ నా వైపు తిరిగారు. నేను సిగ్గు లేకుండా తలాడించాను. రేపటి నుంచి పనిలోకి రాను. నా సీటు ఖాళీ అయింది. ఇప్పుడు లేదని చెప్పు ఆ పిల్లకు, చూద్దాం.