నమూనా దిండు మీద ఫిర్యాదు

అద్దంకి,
5 ఏప్రిల్ 2025

వినుకొండలో దిండ్లు తయారుచేసే శ్రీమతి ఖుర్షిదా గారికి,

మా బాలికల వసతిగృహం కమిటీకి మీరు పంపిన నమూనా దిండు అందింది. ఏడుగురు సభ్యుల్లో ఖాళీగా ఉన్నవాణ్ణి నేనే కనుక దాన్ని పరీక్షించే పని నాకు అప్పగించారు. నలభై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పి పిల్లల్ని నిద్రపుచ్చినవాడికి నిద్ర సంగతి బాగా తెలుస్తుందని వీరాంజనేయులు అనే సభ్యుడు అన్నాడు. కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళ పేర్లు రాసిపెట్టుకున్నాను.

ఆరు మధ్యాహ్నాలు మీ దిండు మీద పడుకున్నాను. ఎత్తు సరిపోయింది. కుట్టు బాగుంది. కానీ ఒక పెద్ద లోపం ఉంది. ఇందులో ఎవరిదో కల ఉండిపోయింది.

నాకు డెబ్భై ఆరేళ్ళు. చాలాకాలంగా కలలు రావు, వచ్చినా శత్రువులే వస్తారు. మీ దిండు మీద తల పెట్టగానే ఎర్రటి మిర్చి కళ్ళం కనిపిస్తోంది. ఎంత దూరం చూసినా దానికి చివర లేదు. ఆరబోసిన కాయల మీద చెప్పుల్లేకుండా నడుస్తుంటాను. కాళ్ళు మండవు. కాయలు మెత్తగా, కొంచెం వెచ్చగా ఉంటాయి. ముందు ఒక తెల్లబాతు తొందరేమీ లేకుండా పోతుంటుంది. దాని వెనక పరిగెడతాను. పరిగెడుతుంటే వీపు మీద ఏదో కొట్టుకుంటుంది. తడిమి చూసుకుంటే రెండు జడలు. కనకాంబరాలు కూడా ఉన్నాయి.

ఇది నా కల కాదు. నాది బట్టతల. ఈ దిండు ముందు ఎవరు వాడారో రాతపూర్వకంగా తెలియజేయండి. మే 11న కమిటీ సమావేశం. నూట ఇరవై దిండ్ల ఆర్డరు మీకివ్వాలో వద్దో ఆరోజు తేలుతుంది.

ఇట్లు,
నాగేంద్రబాబు, విశ్రాంత ఉపాధ్యాయుడు

తా.క. ఫోన్ చేయవద్దు. ఫోన్‌లో చెప్పినవాళ్ళు చెప్పలేదంటారు.

తా.క. ఇంకొకటి: ఆ బాతు ఎక్కడికి పోతుందో మీకు తెలిస్తే అది కూడా రాయండి.


వినుకొండ,
9 ఏప్రిల్ 2025

మాస్టారు గారికి ఖుర్షిదా నమస్కారాలు చెప్పి రాసేది ఏమంటే,

మీ ఉత్తరం చూసి ముందు భయమేసింది. తర్వాత నవ్వొచ్చింది. మళ్ళీ భయమేసింది.

నాకు నలుగురు పిల్లలండీ. నసీమాకి పన్నెండేళ్ళు, సైదావలికి తొమ్మిది, మస్తానీకి ఆరు, జాన్‌బాషాకి మూడు. మా ఆయన మిర్చి లోడు లారీ మీద ఉంటాడు, ఇంటికొస్తే మంచం మీద ఉంటాడు. పంచలో దూది ఏకే మిషను, వంటింటి గుమ్మంలో కుట్టుమిషను. అన్నం ఉడికేలోపు ఒక దిండు కుడతాను. దిండు కుట్టేలోపు ఒకళ్ళు ఇంకొకళ్ళని కొరుకుతారు.

మా అత్త అమీర్‌బీ ఒక పద్ధతి పెట్టింది. కొత్త దిండు కుట్టగానే మధ్యాహ్నం దాని మీద శుభ్రమైన చీర పరిచి ఒక పిల్లని పడుకోబెడతాం. తల బరువుకి దూది కుదురుకుంటుంది. ఎక్కడన్నా గడ్డ కట్టి ఉంటే పిల్ల లేచి ఏడుస్తుంది, విప్పి మళ్ళీ ఏకుతాం. నిజం చెప్పాలంటే లాభం నాకే. ఒంటిపూట బడి నుంచి వచ్చాక నలుగురూ నాలుగు దిండ్ల మీద పడుకుంటారే, ఆ రెండు గంటలే నాకు చేతికి పని ఆనేది. మిగతా రోజంతా నేను కుట్టేది దారం, వాళ్ళు లాగేది దారం.

ఆ జడలు మా మస్తానీవే అయ్యుంటాయి. ఎదురింటి రెబెకా టీచరు గారి బాతుల వెంట పొద్దస్తమానం పరిగెడుతుంది.

ఆర్డరు మాత్రం ఆపకండి మాస్టారూ. అది వస్తే ఇంట్లోనే ఉండి వీళ్ళని చూసుకుంటూ పని చేసుకుంటాను. రాకపోతే గుంటూరు అవతల మిల్లులో చేరాలి. పొద్దున ఆరింటికి బస్సెక్కితే పిల్లలు పడుకున్నాక వస్తాను. వాళ్ళని మా అత్త మీద వదలాలి. వాళ్ళ కన్నా ఆమె అల్లరే ఎక్కువ.

ఇట్లు, మీ
ఖుర్షిదా

తా.క. బాతు సంగతి మస్తానీని అడిగాను. "తాతకి చెప్పను. తనే పట్టుకోమను" అంది.


అద్దంకి,
14 ఏప్రిల్ 2025

శ్రీమతి ఖుర్షిదా గారికి,

మీ జవాబు రెండుసార్లు చదివాను. అంటే కొత్తదని చెప్పి మీ పిల్లలు పడుకున్న దిండు పంపారు. పైగా పిల్లల చేత పని చేయిస్తున్నారు. రెండూ నోట్ చేసుకున్నాను.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. నేను స్వీయచరిత్ర రాస్తున్నాను. పదకొండు అధ్యాయాలయ్యాయి. పన్నెండోది పూర్తిగా వీరాంజనేయులుకి కేటాయించాను. 1991లో మా ఊళ్ళో గ్రంథాలయం కట్టినప్పుడు ఊరూరా తిరిగి పుస్తకాలు పోగుచేసింది నేను. శిలాఫలకం మీద మాత్రం వాడి పేరు పైన, నా పేరు కింద. నా పేరు అక్షరాలు అరంగుళం చిన్నవి. స్కేలు పెట్టి కొలిచాను. ముప్పై నాలుగేళ్ళుగా ఆ కోపాన్ని చెడకుండా కాపాడుకుంటూ వచ్చాను.

మొన్న మధ్యాహ్నం మీ దిండు మీద కునుకు తీశాను. పత్తి నింపిన ఎడ్లబండి పోతోంది. పైన వీరాంజనేయులు కూర్చున్నాడు. వాడికి ఎనిమిదేళ్ళు. ముందుపళ్ళు లేవు. "రారా, నీ చోటు ఉంచాను" అని చెయ్యి అందించాడు. ఇద్దరం పత్తి మీద వెల్లకిలా పడుకున్నాం. పైన మబ్బులు కూడా ఆ బండిలోంచి చిమ్మిన పత్తిలాగే ఉన్నాయి. ఎద్దులు ఎటు పోతున్నాయో ఇద్దరం అడగలేదు. లేచి కాగితం తీసి "వీరాంజనేయులు" అని రాశాను. ఆ తర్వాత మాట రాలేదు. కళ్ళద్దాలు వెతుక్కున్నట్టు ఇల్లంతా నా కోపాన్ని వెతుక్కున్నాను. దొరకలేదు.

ఇది భరించలేను. ఏ పిల్ల తలా తగలని దిండు ఒకటి వెంటనే పంపండి.

ఇట్లు,
నాగేంద్రబాబు

తా.క. నిన్న లేచేసరికి నా బొటనవేలు నా నోట్లో ఉంది. ఇది మీ మూడేళ్ళవాడి పని. వాణ్ణి మందలించండి.


వినుకొండ,
18 ఏప్రిల్ 2025

మాస్టారు గారికి ఖుర్షిదా దణ్ణాలు.

పిల్లల చేత పని చేయిస్తున్నానన్న మాట ఇంకెవరి దగ్గరా అనకండి, మీకు పుణ్యముంటుంది. ఎవరన్నా ఆఫీసరు విన్నాడంటే మిషను ఎత్తుకుపోతాడు. అయినా పడుకోవడం పనా అండీ? అది పనైతే మా ఆయనకి ఈపాటికి పింఛను రావాలి. పని చెబితే చేసే పిల్లలా వీళ్ళు? "సైదా, ఆ దారపుండ ఇవ్వరా" అంటే వాడు ఉండ ఇక్కడిచ్చి దారం రోడ్డు మీద ఇస్తాడు.

మీరడిగిన దిండు బస్సు పార్శిల్లో వేశాను. దాన్ని పిల్లలకి దూరంగా ఉంచడానికి పడ్డ పాట్లు ఏం చెప్పను! అటక మీద పెడితే ఎక్కారు. బీరువా మీద పెడితే బీరువాతో సహా ఊగారు. చివరికి మా అత్తని కాపలా పెట్టాను. తీరా చూస్తే ఆమె దాని మీదే తల వాల్చి గురక పెడుతోంది. అరగంటేనండీ. ఆమె పిల్ల కాదు కాబట్టి మీ మాట తప్పలేదనే అనుకుంటున్నాను. ఆమెకి పెద్దగా కలలు రావు. వస్తే బేరాలొస్తాయి. యాభై ఏళ్ళు పత్తి షావుకార్లతో పోట్లాడిన మనిషి.

ఇట్లు, మీ
ఖుర్షిదా

తా.క. జాన్‌బాషాని మందలించాను. వాడు వేలు నోట్లోంచి తీసి "నాది నా దగ్గరే ఉంది" అని చూపించి మళ్ళీ పెట్టుకున్నాడు.


అద్దంకి,
24 ఏప్రిల్ 2025

శ్రీమతి ఖుర్షిదా గారికి,

రెండో దిండు అందింది. దాని మీద మూడు మధ్యాహ్నాలు పత్తి షావుకారుతో బేరమాడాను. వాడి తూకపు తాసు బాగాలేదన్నాను, వాడి ముఖమూ బాగాలేదన్నాను, వాడి ముత్తాత దాకా వెళ్ళాను. నా దగ్గర నాలుగు నిఘంటువులున్నాయి. ఆ మాటలు ఒక్కదాంట్లోనూ లేవు. మూడోరోజు మా వంటమనిషి కోటిరత్నం చేతిలో అట్లకాడతో పరిగెత్తుకొచ్చింది.

"ఎవర్నండీ అయ్యగారూ ఆ తిట్లు?"

"షావుకారుని."

"ఇంతకీ తగ్గాడా?" అంది.

తగ్గాడు. మీ అత్తగారికి నా అభినందనలు. కానీ మెడ పట్టేసింది. మళ్ళీ మొదటి దిండుకే వచ్చాను.

ఇక అసలు విషయం. మే 11న సమావేశంలో మీ దిండుని నేను వ్యతిరేకించబోతున్నాను. గట్టిగా వ్యతిరేకిస్తాను. కారణం అడగవద్దు. జవాబు రాసినా నా నిర్ణయం మారదు.

ఇట్లు,
నాగేంద్రబాబు

తా.క. మొదటి దిండు తిరిగి పంపడం లేదు. అది సాక్ష్యం. రోజూ మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా దాన్ని పరిశీలిస్తున్నాను.


వినుకొండ,
29 ఏప్రిల్ 2025

నాగేంద్రబాబు గారికి,

జవాబు వద్దన్నారు. అయినా రాస్తున్నాను. నోరు మూసుకుని ఊరుకోవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

మా నసీమా ఒక నోటుపుస్తకం పెట్టింది. ఏ దిండు మీద ఎవరు పడుకున్నారు, ఏడ్చారా లేదా అన్నీ రాస్తుంది. మీ ఉత్తరం వచ్చాక అది తెరిచి చూపించింది. మీకు పంపిన మొదటి దిండు దగ్గర ఎవరి పేరూ లేదు. మార్చిలో మా ఆడపడుచు కాన్పయితే పిల్లలు నలుగురూ మా అత్తతో కనిగిరి వెళ్ళారు. ఆ వారం ఇంట్లో నేనొక్కదాన్నే. నమూనా దిండు అప్పుడు కుట్టి, అలాగే పంపాను. నాకే గుర్తులేదు. ఏ పిల్ల తలా దాని మీద పడలేదు. ఆ కళ్ళం, ఆ బాతు, ఆ పత్తి బండి మా ఇంటివి కావు మాస్టారూ. మీవే. మీ వేలు కూడా మీదే.

మా అత్త ఒకటి అడగమంది. మీకు పుట్టువెంట్రుకలు ఏ వయసులో తీయించారు? మొక్కు తీరేదాకా మగపిల్లాడికైనా జడలే కదా అంటోంది.

మీ కోపం మా దూది పీల్చుకుందని మా పొట్ట కొడతారా? చదువుకున్న పెద్దవారు, ఇంతకన్నా ఏమనను. మిల్లు మేస్త్రి వచ్చి వెళ్ళాడు. మే 20 నుంచి వస్తానని చెప్పాను. మస్తానీ రోజూ "తాత బాతుని పట్టుకున్నాడా?" అంటోంది. ఇంక ఆ తాత ఊసు ఎత్తొద్దన్నాను.

ఖుర్షిదా

తా.క. కోపంలో స్టాంపు తలకిందులుగా అంటించాను. అది కూడా నోట్ చేసుకోండి.


అద్దంకి,
12 మే 2025

అమ్మా ఖుర్షిదా,

ముందు ఆ మేస్త్రికి రానని చెప్పు. మిగతాది తీరిగ్గా చదువు.

మా కమిటీలో నలుగురు వీరాంజనేయులు మనుషులు. వాడు నేను ఔనంటే కాదంటాడు, కాదంటే ఔనంటాడు. 2011లో హాస్టలు గదులకి ఫ్యాన్లు కావాలని నేను అడిగాను. రెండు గదుల్లో ఇప్పటికీ లేవు. 2016లో పెరటి కాలవ దండగ అని నోరు జారాను. సాయంత్రానికి పలుగులు దిగాయి. ఈసారి వాడు తన బావమరిది కొట్లోంచి ఫోమ్ దిండ్లు తెప్పిద్దామని చూస్తున్నాడు. నీ దిండు బాగుందని నేనొక్క మాటంటే నీ పని అయిపోయేది. అందుకే వ్యతిరేకిస్తానన్నాను. నీకు చెబితే ఆ సంతోషం వినుకొండ నుంచి అద్దంకికి నీ ఉత్తరం కన్నా ముందొస్తుంది. అందుకని చెప్పలేదు. నువ్వు బాధపడ్డావు. అది నా తప్పే.

వ్యతిరేకించాలంటే కోపం కావాలి. నీ దిండు పుణ్యమా అని నా దగ్గర చుక్క లేదు. దాన్ని కోటిరత్నం చేత ట్రంకుపెట్టెలో పెట్టించి తాళం వేయించాను. నాలుగు రోజులు నిఘంటువు మీద తల పెట్టుకుని పడుకున్నాను. రోజూ పొద్దున్నే వెళ్ళి శిలాఫలకం చదివాను. పదకొండో తేదీకి సరిపడా కూడింది.

నలభై నిమిషాలు మాట్లాడాను. దూది పాతకాలపు సరుకన్నాను. "వంటింటి గుమ్మంలో కుట్టిన దిండ్లు మన పిల్లలకా? నలుగురు పిల్లల్ని చంకనేసుకున్న ఆడమనిషి సరుకు సమయానికి ఇస్తుందా?" అన్నాను. మీ అత్తగారి దిండు మీద నేర్చుకున్న మాట కూడా ఒకటి వాడాను. మినిట్స్‌లో దాన్ని రాయలేదు.

వీరాంజనేయులు లేచాడు. ఫోమ్ గురించి మాట్లాడతాడనుకున్నాను. మాట్లాడలేదు.

"ఒరేయ్ నాగేంద్రా, మా అమ్మ ఆరుగురిని పెంచుతూ విస్తళ్ళు కుట్టి అమ్మింది. చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని కుట్టేది. ఏనాడన్నా ఒక్క పెళ్ళికి ఒక్క విస్తరి తక్కువ ఇచ్చిందా? నువ్వు చెప్పు. తిన్నవాడివి నువ్వేగా" అన్నాడు.

నేను కూర్చున్నాను. ఆ విస్తళ్ళ కట్టలు నెత్తిన పెట్టుకుని మా ఇంటికి మోసుకొచ్చినవాడు వాడే. దించడానికి చెయ్యి వేసినవాణ్ణి నేనే.

చేతులెత్తారు. నీకు ఆరు, వ్యతిరేకంగా ఒకటి. ఆ ఒకటి నాది. తీర్మానం నకలు దీంతో జతచేశాను. నూట ఇరవై దిండ్లు, జూన్ 20 లోపు.

వాడు బయటికొచ్చి అందరికీ జిలేబీ పంచాడు. ఓడినవాడికని నాకు రెండు పెట్టాడు. పన్నెండో అధ్యాయం అట్టే ఉంది. వాడి మీద కొత్తగా ఏదన్నా దొరక్కపోతుందా అని చూస్తున్నాను.

మీ అత్తగారితో చెప్పు: అయిదో ఏట, కోటప్పకొండలో. అప్పటిదాకా మా అమ్మ రెండు జడలే వేసేది. పిల్లలకి నా ఆశీస్సులు.

ఇట్లు,
నాగేంద్రబాబు

తా.క. ఈ ఉత్తరం చించెయ్యి. నేను నీ వైపని వీరాంజనేయులుకి తెలిస్తే తీర్మానం రద్దు చేయిస్తాడు.

తా.క. ఇంకొకటి: పిల్ల పడుకోకపోయినా నీ దూది కుదురుగానే ఉంటుందని నసీమా పుస్తకం తేల్చేసింది. అయినా పద్ధతి మానకు. నూట ఇరవై దిండ్లు, నలుగురు పిల్లలు. ముప్పై మధ్యాహ్నాలు వస్తాయి. వాళ్ళని పడుకోబెట్టి నువ్వు కుట్టుకో.