చీర రెండో కొస

మస్తాన్‌బీ అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన బట్టల కొట్లో ఎవరికీ గుర్తులేదు. హైవే మీద లారీల హారన్లు, చీరల కౌంటర్ దగ్గర జనం, అన్నీ అలాగే ఉన్నాయి.

ఇవాళ మిర్చి అమ్ముకుని నేరుగా మన దగ్గరికి వచ్చిందో కుటుంబం. పెళ్లికూతురూ వచ్చింది. వాళ్ల బట్టల్లోని ఘాటుకి తుమ్ముతూనే, ఆకుపచ్చ పట్టుచీర ఎప్పటిలా నా భుజాన వేసుకుని చూపించాను. తల్లి నన్ను ఎగాదిగా చూసింది.

"నీ నలుపు మీద రంగేం తెలుస్తుందమ్మా? కాస్త ఎర్రగా ఉన్న పిల్లని పిలువు."

మేనేజర్ గారు వెంటనే కొత్తమ్మాయిని పిలిచారు. నేను నవ్వుతూనే చీర తీసి ఇచ్చేశాను.

నువ్వుంటే ఊరుకునేదానివా? "మీ అమ్మాయిదీ మా రాజ్యం రంగే కదండీ, దీనికి నప్పితే తనకీ నప్పినట్టే" అని నవ్వుతూ చురక అంటించి, ఆ చీర వాళ్లకే అమ్మేదానివి.

చివరికి వాళ్లు చీరల గుట్టంతా విప్పించి, ఏమీ కొనకుండా వెళ్లిపోయారు. కొత్తమ్మాయి ఇంకో బేరానికి వెళ్లింది. నేను మడతపెట్టబోతూ, అలవాటుగా, చూడకుండానే రెండో కొస పక్కకి అందించాను. చీర జారి నేల మీద పడింది.

"కళ్లెక్కడ పెట్టుకున్నావమ్మా?" అన్నారు మేనేజర్ గారు.

ఇప్పుడు ఒక్కదాన్నే మడతపెట్టుకుంటున్నానక్కా. నువ్వు పట్టుకునే కొసని గడ్డం కింద నొక్కి పెట్టుకుంటాను. అలా ఉన్నంతసేపూ నోరు తెరవడానికి వీలుండదు. తెరిచినా వినేవాళ్లు లేరనుకో.

నీ రాజ్యం