యజమాని పేరు అన్నచోట

సరళక్కా,

ఎలా ఉన్నావని అడగలేను కదా... నువ్వు వెళ్లిపోయి ఎనిమిది నెలలు. అనంతగిరిలో స్నేహితురాలి తోట ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. కాళ్ల దగ్గర రాణి ఉంది. అవును, నీ రాణే. మన కొత్తగూడ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి వీధికుక్క మొదటిసారి వేసవి సెలవులకు వచ్చింది.

సెలవులని నేను పెట్టుకున్న పేరు. నిజానికి పారిపోయి వచ్చాం.

పదేళ్లు ఏ ఎండాకాలమూ నువ్వు ఇల్లు కదల్లేదు, గేటు దగ్గర మూడు కుక్కలకు అన్నం పెట్టాలని. నేనెంత ఎగతాళి చేశానో! "నేను వోతే ఇవి ఉంటయానే? అందరు ఊర్లకు వోయినప్పుడే కుక్కల వట్టే బండి వస్తది" అనేదానివి. నీది ఉత్త భయమనుకున్నాను. పత్రికలకు వ్యాసాలు రాసేదాన్ని కదా, నాకు తెలియనిదేముంటుంది...

ఈ వేసవిలో అసోసియేషన్ వాళ్లు వాట్సాప్ గ్రూపులో నోటీసు పెట్టారు. యజమానులు లేని కుక్కలన్నిటినీ సోమవారం నుంచి తీసేయిస్తారట. నేను ఊరుకుంటానా? పెద్ద వ్యాసమే రాసి పడేశాను. ఇవి ఎవరి ఆస్తీ కావు, వీటికి యజమాని లేడు, ఉండనక్కరలేదు, మన టవర్లు లేవకముందు నుంచీ ఈ వీధి వీటిది అని. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్కల్ని వాటి చోటు నుంచి తరలించడం చట్టవిరుద్ధమని కూడా. నాలుగు చప్పట్ల బొమ్మలు వచ్చాయి. పొంగిపోయాను.

సెక్రటరీ ఒక్క ముక్కే రాశాడు. "ఓనర్ లేడని మీరే ఒప్పుకున్నరు కద మేడం, థాంక్యూ."

ఆయనకో నీలికళ్ల హస్కీ జాతి కుక్క ఉంది, గుర్తుందా? ఏడాదంతా ఏసీలో ఉంటుంది. అదే వారం దాన్ని ఊటీ తీసుకెళ్లి, నల్ల కళ్లజోడు పెట్టి, అదే గ్రూపులో ఫోటోలు పెట్టాడు. కొనుక్కున్న కుక్కకు కొండగాలి, వీధిలో పుట్టినదానికి వలబండి! ఇది కుక్కల గొడవేనా అక్కా? కాగితం లేనివాళ్లను లేపేయొచ్చన్న మాట గుడిసెల గురించి మనం ఎన్నిసార్లు వినలేదు? ఈ ఊరు ఎవరిదన్నదే కదా అసలు గొడవ?

చూశావా, మళ్లీ మొదలుపెట్టాను. "ఏందే, జర ఊకో. నీకు గెల్సుడు గావాల్నా, పని గావాల్నా?" అని ఎన్నిసార్లు అన్నావో నన్ను.

శనివారం రాణిని పశువుల దవాఖానకు తీసుకెళ్లాను. నీ చివరి రోజుల్లో ఇంట్లోనే, నీ మంచం కింద పడుకుంది కదా, నా వెంట వచ్చింది. టీకా కాగితంలో యజమాని పేరు అని ఉంది. ఒక ప్రాణికి ఇంకొకరు యజమాని ఏమిటని జీవితమంతా వాదించినదాన్ని... నా పేరు రాశాను.

మిగతా రెండింటినీ పిలిచాను. పెరుగన్నం పట్టుకుని నిలబడినా దగ్గరికి రాలేదు. ఎందుకొస్తాయి? నా చేయి వాటికి తెలియదు. వాటి పేర్లయినా నాకు తెలియవు. నువ్వు చెప్పినప్పుడు నేను ఫోన్ చూసుకుంటూ ఉండి ఉంటాను. ఆదివారం మధ్యాహ్నం దాకా సెల్లారులో, పొదల వెంట తిరిగి తిరిగి, కాగితం ఉన్నా ఆ సెక్రటరీ మీద నమ్మకం లేక, రాణి ఒక్కదాన్నే కారెక్కించుకుని బయల్దేరాను. దారంతా అది వణుకుతూనే ఉంది.

నిన్న సాయంత్రం మన వాచ్‌మన్ మల్లయ్య ఫోన్ చేశాడు. బండి వచ్చిందట. రెండింటినీ వల వేసి పట్టుకెళ్లారట. బాచుపల్లి అవతల రాళ్లగుట్టల దగ్గర వదిలేశామని డ్రైవరే చెప్పాడట. ఈ ఎండల్లో, నీళ్ల జాడ లేనిచోట, తమది కాని మరో కుక్కల గుంపు మధ్య...

ఇంకొక్క రోజు ఆగలేకపోయానా? బండికి అడ్డం నిలబడలేకపోయానా? గేటు దాటగానే, ఒకటి దక్కింది కదా అని ప్రాణం ఎంత తేలికపడిందో... నీకు చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంది. నువ్వయితే తిట్టేదానివి కాదు. తిడితే బాగుండేది.

ఇక్కడ ఇంకా రెండు రోజులు ఉందామనుకున్నాం. ఉండటం లేదు. తెల్లవారగానే ఆ గుట్టలకే వెళతాం. సెక్రటరీ మీద ఫిర్యాదు తర్వాత రాస్తాను, తప్పక రాస్తాను. ముందు అవి దొరకాలి.

ఆ రెండూ గోధుమరంగువి, ఊళ్లో వేల కుక్కల్లాగే. పదేళ్లు వాటి పక్కనుంచే నడిచాను, ఎదురుగా వచ్చి నిలబడినా నేను పోల్చుకోలేను అక్కా. రాణి పోల్చుకుంటుంది. తాడు నా చేతిలోనే ఉంటుంది కానీ, అది ఎటు లాగితే అటు నడుస్తాను.

నీ చెల్లెలు,
పద్మ